ఏడో బ్రేకు

జూన్ 3, మంగళవారం

చెల్లి గొంతు తీసేస్తారు. ఈ నెల 23న.

ప్రాణానికి ఢోకా లేదని సర్జన్ రెండుసార్లు చెప్పారు. గడ్డ స్వరపేటిక దాటి పోలేదట. పేటిక మొత్తం తీసేస్తే మనిషి నిక్షేపంలా ఉంటుందట. మెడ కింద చిన్న రంధ్రం పెడతారు, ఇక ఊపిరి అక్కణ్నుంచే. మాట మాత్రం ఉండదు.

 చెల్లి మొగుడు, మా మరిది, తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ముందు నోరు తెరిచింది చెల్లే. మరి బ్రేక్ అని ఎవరు అరుస్తారండీ అంది. సర్జన్‌కి అర్థం కాలేదు. ఈవిడది డ్రైవింగ్ స్కూల్ అండీ, పంతొమ్మిదేళ్లుగా నేర్పుతోంది అని మరిది విడమరిచాడు. మీ వైపూ బ్రేక్ పెడల్ ఉంటుంది కదమ్మా, కాళ్లకేమీ కాదు అన్నారాయన. కాలితో తొక్కితే కారు ఆగుతుంది డాక్టరుగారూ, నేర్చుకునేవాడికి బుద్ధి రాదు, అది చెవిలోంచే ఎక్కాలి అంది.

ఆయన నవ్వారు. మాకు నవ్వు రాలేదు. దానికీ రాలేదని కారెక్కాక తెలిసింది. ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నలభై ఆరేళ్లలో దాని దగ్గర నేను విన్న మొదటి నిశ్శబ్దం.

రేడియో అని పేరు పెట్టింది నేనే. అప్పుడు దానికి మూడేళ్లు, నాకు పదమూడు. పెద్దది తన వాటా మాటలు కూడా చిన్నదానికే ఇచ్చేసింది అని అమ్మ అనేది.

జూన్ 4, ఉదయం 5:10

ప్రార్థనకు కూర్చున్నాను. ఏమని అడగాలో మాట దొరకలేదు. అలాగే లేచాను.

జూన్ 6, శుక్రవారం

స్పీచ్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. ఓపిక మాత్రం నిండా ఉంది. కొన్ని నెలలకు ఇంకో పద్ధతిలో మాట్లాడటం నేర్పుతారట. అది వేరే గొంతులా ఉంటుందని దాచకుండా చెప్పింది. ఈలోగా టాబ్లెట్‌లో బటన్ నొక్కితే మాట పలికే ప్రోగ్రాం ఒకటుందని వినిపించింది. నాకు నీళ్లు కావాలి. నాకు నొప్పిగా ఉంది.

చెల్లి మొహం చిట్లించింది. ఇది బ్యాంకులో టోకెన్లు పిలిచే ఆవిడ గొంతు, ఈవిడ బ్రేక్ అంటే నా స్టూడెంట్లు లేచి కౌంటర్ దగ్గరికి పోతారు అంది.

ఇంటికొచ్చాక నా వైపు తిరిగింది. అక్కా, ముప్పై ఏళ్లుగా తూకం మెషిన్లకి ప్రోగ్రాములు రాస్తున్నావు కదా, బంగాళాదుంపల బరువు చెప్పే యంత్రాన్ని చేస్తావుగానీ చెల్లెలి గొంతుతో మాట్లాడే యంత్రం చెయ్యలేవా అంది. గొంతు పోయే లోపు ఎన్ని మాటలు కావాలంటే అన్ని రికార్డు చేసి ఇస్తానంది. మా ఇద్దరికీ మధ్యవాడు, తమ్ముడికి స్టూడియో ఉండనే ఉంది. ప్రకటనలకు గొంతులు రికార్డు చేస్తాడు.

చూద్దాం అన్నాను.

నువ్వు చూద్దాం అన్నావంటే సగం అయిపోయినట్టే అని వంటింట్లోకి వెళ్లిపోయింది. పంతొమ్మిదేళ్లుగా నువ్వు డ్రైవింగ్ ఎప్పుడు నేర్చుకుంటావని అడుగుతోంది. దానికీ చూద్దాం అనే అంటున్నాను. ఆ సంగతి గుర్తు చెయ్యలేదు.

జూన్ 8, ఆదివారం

రికార్డింగ్. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా.

చెల్లి నాలుగు వందల మాటలు రాసుకొచ్చింది. గొంతు అలిసిపోతుందని తమ్ముడు బేరమాడి 212కి దించాడు. నేను దయచేసి అనే మాట చేర్చమన్నాను. నా జన్మలో ఎప్పుడూ అనలేదు, నా గొంతులో అది వింటే జనం హడలిపోతారు అంది. నోర్ముయ్ మాత్రం రెండు రకాలుగా చెప్పింది. ఒకటి అన్నయ్యకి, ఒకటి ఇంటాయనకి అట. తేడా నాకు తెలియలేదు. వాళ్లిద్దరికీ తెలిసింది.

బ్రేక్ ఏడు రకాలు. ఒకటి మామూలుది. రెండు కాస్త గట్టిగా. మూడు అరుపు. నాలుగు ఓరి నాయనో అని మొదలై బ్రేక్‌తో ముగిసేది. ఐదు బతిమాలేది. ఆరు పళ్లు కొరికేది. ఏడోది మెత్తగా ఉంది. బ్రేకమ్మా, అని. పడుకున్న పిల్లను లేపినట్టు.

ఇదెవరికే అన్నాను. నీకే, ఏదో ఒకరోజు స్టీరింగ్ పట్టుకోకపోతావా, నిన్ను అరిస్తే కారు దిగి నడుచుకుంటూ ఇంటికి పోయే రకానివి అంది.

గాజు అద్దం అవతల తమ్ముడు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏసీలో దుమ్మొస్తోంది అన్నాడు. దుమ్ముకి స్పీకర్లు పాడవుతాయి అన్నయ్యా, సర్వీసు చేయించుకో అని మైకులోంచి చెప్పింది. అది కూడా రికార్డయింది.

మధ్యలో వాళ్లంతా టీకి వెళ్లారు. నేను ఆ గదిలోనే కూర్చున్నాను. గోడలకు మెత్తలు. బయటి చప్పుడు చీమంత కూడా రాదు. నాలుగు రోజులుగా దొరకని ప్రార్థన అక్కడ దొరికింది.

జూన్ 10, మంగళవారం

మొదటి ప్రోగ్రాం అయింది. ప్రోగ్రాం ఒకటి, పక్కనే మాటల ఫోల్డర్ ఒకటి. 001 నుంచి వరసగా అంకెలే పేర్లు. తమ్ముడి మ్యాక్ కంప్యూటర్‌లో పలికింది. చెల్లి చప్పట్లు కొట్టింది.

కారు టాబ్లెట్‌లోకి మరిది కాపీ చేశాడు. టాబ్లెట్ నోరు పెగల్లేదు. చూస్తే ప్రోగ్రాం ఒక్కటే వెళ్లింది, ఫోల్డర్ వెళ్లలేదు. మీరు ప్రోగ్రాం కాపీ చెయ్యమన్నారు, అదే చేశాను కదా వదినగారూ అన్నాడు. తప్పు ఆయనది కాదు. మనిషిని పిలిచి గొంతు విడిగా తెచ్చుకోమన్నది నేను.

ఫోల్డర్ కూడా వేశాక పలికింది. కానీ మొదటిసారి నొక్కితే సెకనున్నర పట్టింది. మెమరీ కార్డులోంచి వెతికి, తెరిచి, చదివి, అప్పుడు పలుకుతుంది. చెల్లి ఒకటీ రెండూ అని వేళ్లు మడిచింది. ఈలోగా మేం గోడెక్కి అవతలి వీధిలో ఉంటాం అంది.

జూన్ 11, బుధవారం

ఆఫీసులో తూకం మెషిన్ బోర్డు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. దీనికి ఫోల్డరంటే తెలియదు, ఫైలంటే తెలియదు. అయినా అంకెలు చూపిస్తుంది, బీప్ అంటుంది. అంకెల బొమ్మలు, బీప్ చప్పుడు అన్నీ ప్రోగ్రాం కడుపులోనే పెట్టి పంపుతాం. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. ఇంటి పనికి వచ్చేసరికి తోచలేదు.

మాటలన్నీ ప్రోగ్రాంలోనే పెట్టేస్తాను. విడిగా మోసుకెళ్లేది ఉండదు, మర్చిపోయేది ఉండదు. వెతుకులాట లేదు కాబట్టి ఆలస్యమూ లేదు.

పెట్టడంలోనే తిప్పలు. టాబ్లెట్ ఇంట్లో ఫైలును ఉన్నదున్నట్టు మింగించే పద్ధతి ఒకటుంది. మ్యాక్ ఇంట్లో అదే పని ఇంకో పేరుతో పిలిస్తే గాని జరగదు. చెల్లి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వాడాల్సిన కంప్యూటర్‌ది విండోస్. అక్కడ మూడో ఆచారం. ముగ్గురు వియ్యపురాళ్లు, ఎవరి మర్యాద వాళ్లది. అందుకే ముగ్గురికీ పడే పాత దారి పట్టాను. ఫైలంటే ఏముంది, సున్నా నుంచి 255 లోపు అంకెల వరస. పాటైనా అంతే, చెల్లి తిట్టైనా అంతే. ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైలునూ తెరిచి అంకెల జాబితాగా మార్చే చిన్న పనిముట్టు రాశాను. జాబితాను ప్రోగ్రాంలో కలిపి రాసేస్తే, రాసినదాన్ని నడిచే ప్రోగ్రాంగా కట్టే కంపైలర్ ఏ ఇంటిదైనా కాదనలేదు.

కాదనలేదుగానీ మూలిగింది. నా పాత ల్యాప్‌టాప్‌కి నలభై నిమిషాలు పట్టింది. మీద నీళ్లు పెడితే కాగేవి. చివరికి ఒకే ఒక ఫైలు. 28 ఎంబీ. అందులో మా రేడియో.

జూన్ 13, శుక్రవారం

ఖాళీ మైదానంలో పరీక్ష. మరిది స్టీరింగ్ దగ్గర, చెల్లి పక్కన, వెనక సీట్లో నేనూ తమ్ముడూ.

టాబ్లెట్‌లోంచి పాత ఫోల్డర్ తీసేసి కొత్త ఫైలొక్కటే వేశాను. నొక్కగానే పలికింది. రెప్పపాటు ఆలస్యం లేదు.

కానీ చెల్లి నీళ్లు నొక్కితే నోర్ముయ్ అంది. థాంక్సండీ నొక్కితే ఇంజిన్ ఆయిల్ మార్చావా అంది. మరిది ముందుకు పోనిచ్చాడు. ఎదురుగా ఖాళీ డ్రమ్ము. చెల్లి మూడో బ్రేక్ నొక్కింది. శభాష్, అలాగే పోనీ అంది టాబ్లెట్. మరిది పంతొమ్మిదేళ్లుగా పెళ్లాం మాట జవదాటని మనిషి. అలాగే పోనిచ్చాడు.

డ్రమ్ము దొర్లింది. బంపర్ కొంచెం లోపలికి పోయింది. చెల్లి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, దగ్గులోనే మళ్లీ నవ్వింది. తమ్ముడు టాబ్లెట్ లాక్కుని వరసగా నొక్కాడు. నాకు ఆకలేస్తోంది అంటే అద్దంలో చూడు. ఐ లవ్ యూ అంటే లైసెన్సు రాదు. నా కళ్లలోంచీ నీళ్లొచ్చాయి. నవ్వుకే.

తప్పు నాదే. మ్యాక్‌లో ఫైళ్లు అడిగితే ఒకటీ రెండూ మూడూ అని బడిపిల్లల్లా వరసలో వచ్చాయి. నా ల్యాప్‌టాప్‌లో తోసుకుంటూ ఇష్టమొచ్చినట్టు వచ్చాయి. వరసలో నిలబెట్టాలని నేను పనిముట్టుకు చెప్పలేదు. ఎక్కడైనా ఒకేలా వస్తాయని అనుకోవడం కొత్తగా చేరినవాళ్లు చేసే పొరపాటు. చేసినందుకు ఎన్నోసార్లు వాళ్లను మందలించాను.

దీన్ని తీసెయ్, సరిచేసింది ఇస్తాను అన్నాను. సరే అంది. కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

జూన్ 14

పనిముట్టులో ఒక్క లైను చేర్చాను. వరస కుదిరింది. చెల్లికి పాఠాలతో తీరిక లేదు, టాబ్లెట్‌లో ఆపరేషన్ అయ్యాక వేద్దువులే అంది. పోయే లోపు గొంతంతా స్టూడెంట్ల మీద ఖర్చు పెడుతోంది. కొత్తది నా ల్యాప్‌టాప్‌లో ఉంచాను.

జూన్ 17, మంగళవారం

ఆస్పత్రి కంప్యూటర్ కోసం విండోస్‌ది ఆఫీసు మెషిన్‌లో కట్టాను. ఇంట్లో నలభై నిమిషాలు పట్టిన పని అక్కడ పది సెకన్లలో అయింది. కొత్త మెషిన్ మహిమ అని మురిసిపోయాను.

స్పీచ్ డాక్టరమ్మ ముందు నొక్కాం. టక్. ఇంకోటి నొక్కాం. టక్. ఏది నొక్కినా గోరుతో బల్ల మీద కొట్టినట్టు టక్. నా గొంతుకి ఎక్కిళ్లొచ్చాయి, ఇదా అక్కా ఆస్పత్రిలో నా మాట అంది చెల్లి.

సాయంత్రానికి దొరికింది. ఫైలును రాతఫైలులా తెరిచాను. ఆ ఇంటి పాత ఆచారం ప్రకారం రాతలో 26 అనే అంకె కనిపిస్తే కథ కంచికి చేరినట్టే, ఇక చదవదు. గొంతులో 26 రాకుండా ఎలా ఉంటుంది? ప్రతి మాటా పెదవి విప్పేలోపే తెగిపోయింది. ఉన్నదున్నట్టు తెరువు అని చెప్పడానికి పనిముట్టులో ఒక్క అక్షరం చేర్చాలి. చేర్చాను.

ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే ఆయన మంగళవారమే వస్తాడట. అంటే సరైనది 24న. ఆపరేషన్ మర్నాడు. సరిపోతుంది.

త్వరగా అయ్యే పనిని నమ్మకూడదు. ఇకనైనా గుర్తుంచుకోవాలి.

జూన్ 22, ఆదివారం, సాయంత్రం

చెల్లి పొద్దున్నుంచి ఫోన్ల మీద ఉంది. పాత స్టూడెంట్లందరికీ చేసింది. ఒకడికి ఇండికేటర్ వెయ్యడం ఇంకా రాలేదట, వాణ్ని ఇరవై నిమిషాలు కడిగింది.

ఏడింటికి ఫోన్ పక్కన పడేసి నా మంచం మీదికొచ్చింది. నేను మాట్లాడింది చాలు, ఇవాళ నువ్వు మాట్లాడక్కా, నేను వింటాను అంది.

ఎంత వెతికినా ఏమీ రాలేదు. అంకె 26 గురించి చెప్పాను. ఎందుకు అక్కడే ఆగుతుందో, అది ఎప్పటి ఆచారమో. శ్రద్ధగా వింది. పది నిమిషాలకు నిద్రపోయింది. పోయే ముందు, నువ్వు మాట్లాడితే ఇంత హాయిగా నిద్రొస్తుందని తెలిస్తే నలభై ఏళ్లుగా మందులు కొనేదాన్ని కాదు అంది.

జూన్ 23

థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపమంది. అందరం దగ్గరికి వెళ్లాం. అక్కా, గ్యాస్ కట్టేశావా అంది. కట్టేశానన్నాను. సరే అంది.

ఆరు గంటలు. బాగా జరిగింది. దేవుడికి దణ్ణం.

జూన్ 24, ఉదయం 8:30

 ఇంకా ఎవరికీ చెప్పలేదు, ముందు ఇక్కడ రాస్తున్నాను.

ఆస్పత్రికి ఇవ్వాలి కదా అని మూడూ మొదటినుంచి కట్టడానికి కూర్చున్నాను. కట్టే ముందు పాత ప్రోగ్రాములన్నీ తుడిచేయడం నా అలవాటు. ఊడవకుండా ముగ్గు పెట్టరు కదా. తుడిచాను. కట్టమన్నాను. మూడు సెకన్లలో అయిపోయింది.

ఈసారి మురిసిపోలేదు. సైజు చూశాను. 28 ఎంబీ ఉండాలి. 40 కేబీ ఉంది. మాటల ఫోల్డర్ తెరిచాను. ఖాళీ.

అదే రోజు, 11:00

తమ్ముడు. శనివారం పెద్ద ఆర్డరొచ్చిందట, డిస్క్‌లో చోటు లేదట. అక్క దగ్గర ఉన్నాయి కదా అని తన వైపు ఫోల్డర్ తీసేశాడు, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. మ్యాక్ కోసం కట్టినదీ అందులోనే ఉంది. అది ఇంటర్నెట్‌లో మా ఇద్దరికీ కలిపిన ఫోల్డర్. అక్కడ తీస్తే ఇక్కడా, నా ఆఫీసు మెషిన్‌లోనూ పోతుంది. వాడు నా దగ్గర ఉన్నాయనుకున్నాడు. నేను వాడి దగ్గర ఉన్నాయనుకున్నాను. ఒకే కుండను రెండు కుండలనుకున్నాం.

చెప్పగానే స్టూడియో నేల మీద కూలబడ్డాడు. నన్ను కొట్టక్కా అన్నాడు. యాభై ఒక్క ఏళ్లవాణ్ని ఏం కొడతాను. పక్కన కూర్చున్నాను.

మళ్లీ రికార్డు చేద్దామంటే గొంతు లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ లోకంలో లేదు.

జూన్ 25, బుధవారం

డిస్క్‌లోంచి వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు నాలుగు రకాలు నడిపాం. చోటు ఖాళీ చేసిన వెంటనే దాని మీద వాడి ఆర్డర్ రికార్డింగ్ పడింది. చెల్లి గొంతు ఉన్నచోట ఇప్పుడు ఎవరో సబ్బు గురించి చెబుతున్నారు. ఆస్పత్రిలో ఉన్నది టక్‌ల కాపీ. అందులో ఏమీ లేదు.

ప్రతి ఫైలునూ మూడు చోట్ల దాచుకోండని ఆఫీసులో గోడకు కాగితం అంటించింది నేనే.

మరిదికి చెప్పాం.  ఏడో నంబరు బ్రేక్ కూడా పోయిందా వదినగారూ అని అడిగాడు.

చెల్లికి ఇప్పుడే చెప్పొద్దని ముగ్గురం అనుకున్నాం.

జూన్ 26, గురువారం

ఐసీయూ నుంచి గదికి మార్చారు. మెడకు కట్టు, ముక్కుకు గొట్టం. కళ్లు మాత్రం ఎప్పటివే. చేతిలో చిన్న తెల్ల బోర్డు, మార్కర్.

నేను బాగున్నావా అన్నాను. బోర్డు మీద రాసి నా వైపు తిప్పింది. ఏం పోగొట్టావు, అని.

నా మొహం ఎప్పుడూ ఒకేలా ఉంటుందని అందరూ అంటారు. దానికి మాత్రం చదవడం వచ్చు. చెప్పేశాను. మొత్తం. తలుపు దగ్గర తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బోర్డు తుడిచింది. రాయలేదు. కిటికీ వైపు చూసింది. నేను దాని కాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఏడుపుకి చప్పుడు లేకపోతే ఎంత బరువుంటుందో ఇవాళ తెలిసింది.

కాసేపటికి మార్కర్ అందుకుంది. డ్రమ్ము, అని రాసింది.

అర్థం కాలేదు. తుడిచి మళ్లీ రాసింది. డ్రమ్మును గుద్దించినది. తీసెయ్యలేదు. కారు డాష్‌బోర్డులో.

నేను తీసెయ్యమన్నాను కదే అన్నాను. నువ్వు చెప్పినవి నేనెప్పుడు విన్నాను, అని రాసింది. దాని కింద ఇంకో లైను. భయమేసినప్పుడు నీళ్లు నొక్కుకుని నోర్ముయ్ వింటాను.

తమ్ముడు మెట్ల మీదుగా పరుగెత్తాడు. లిఫ్ట్ ఉందని కూడా గుర్తు లేదు.

జూన్ 27, శుక్రవారం

టాబ్లెట్ చచ్చిపోయి ఉంది. బ్యాటరీ. ఛార్జింగ్ పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ఇంక్యుబేటర్‌లో పిల్లను చూస్తున్నట్టు. ఒక శాతం. రెండు శాతం. తెర వెలిగింది. 28 ఎంబీ.

నీళ్లు నొక్కాను. నోర్ముయ్ అంది. ఇంత తీపి మాట నేను వినలేదు.

నవ్విన నాపచేనే పండింది. వరస తప్పింది గాని ఒక్క అంకె కూడా తెగలేదు. కడుపులో పెట్టినదాన్ని కడుపులోంచే తీయాలి. శబ్దం ఫైలు ప్రతిదీ ఒకే నాలుగు అక్షరాలతో మొదలవుతుంది. ఆ వెంటనే తన పొడవెంతో తనే చెబుతుంది. పద్ధతైన ఫైలు. ప్రోగ్రాం మొత్తం ఆ నాలుగు అక్షరాల కోసం వెతికించాను. దొరికినచోటల్లా అది చెప్పిన పొడవుకి కోశాను.

ఒకటి. పది. నూరు. రెండు వందల పన్నెండు.

రెండు వందల పదమూడు.

మళ్లీ లెక్కపెట్టాను. 213. ఎక్కడో తప్పు కోశాననుకున్నాను. మాటలు 212 అని ముందే తెలుసు కాబట్టి కట్టేటప్పుడు ఎవరం లెక్కపెట్టలేదు.

వెంటనే నాలుగు చోట్ల దాచాను. ఒకటి మరిది చొక్కా జేబులో.

జూన్ 29, ఆదివారం

వరస పోయింది కాబట్టి ఏది ఏదో ఒక్కొక్కటీ విని పేరు పెట్టాలి. ఆస్పత్రి గదిలోనే కూర్చున్నాం. నేను వినిపిస్తాను, చెల్లి బోర్డు మీద నంబరు రాస్తుంది. చివరి బటన్ దాకా అన్నీ కంఠస్థం దానికి.

తన గొంతు తను వింటూ మొదట్లో కళ్లు మూసుకుంది. ఇరవై దాటాక తప్పులు పట్టడం మొదలుపెట్టింది. ఇది సరిగా అనలేదు. ఇక్కడ అన్నయ్య కుర్చీ చప్పుడు. నర్సు మందులకొచ్చి ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, పేషెంట్‌కి రెస్ట్ కావాలి అంది. మాట్లాడుతున్నది పేషెంటే అన్నాను. తమ్ముడు నర్సు వైపు చూస్తూ ఆ నోర్ముయ్ మీక్కాదండీ, నాకు అన్నాడు.

చివర్లో ఒకటి మిగిలింది. నొక్కాను.

చెల్లి గొంతు కాదు. చాలా మెల్లగా ఉంది. ఎవరో తెలిసేసరికి కొంత సేపు పట్టింది. మనిషి తన గొంతును తను ఎప్పుడు వింటుంది గనక.

దేవుడా, దాని గొంతు ఉంచు. కుదరకపోతే నాది తీసుకుని దానికివ్వు. నాదెటూ వాడకంలో లేదు.

స్టూడియోలో వాళ్లు టీకి వెళ్లినప్పుడు. మైకు ఆపారనుకున్నాను. నా ప్రార్థనకు చప్పుడుండదని కూడా అనుకున్నాను.

తమ్ముడు నేల చూస్తూ చెప్పాడు. వచ్చేసరికి మీటర్ కదులుతోందట. చెరిపేయబోతే చెల్లి చెయ్యి పట్టుకుందట. దీన్ని కూడా ఫోల్డర్‌లో వెయ్యి, అక్కకి చెప్పకు అందట.

చెల్లి బోర్డు తిప్పింది. దానికి నంబరు లేదు, బటన్ పెట్టకు, అని ఉంది. తుడిచి మళ్లీ రాసింది. సరే పెట్టు. పేరు రాయకు.

జూలై 8, మంగళవారం

మూడూ కట్టాను. కారుకి, మ్యాక్‌కి, ఆస్పత్రికి. మూడూ నలభై నిమిషాలకు తక్కువ కాకుండా తీసుకున్నాయి. ఎంత సంతోషమో. ప్రతిదానిలో 213 ఉన్నాయి, నేనే లెక్కపెట్టాను. స్పీచ్ డాక్టరమ్మ అన్ని బటన్లూ నొక్కి చూసింది. దయచేసి లేదేమిటండీ అని అడిగింది.

జూలై 12

చెల్లి ఇంటికొచ్చింది. వీధి చివరికి వినబడేలా తమ్ముణ్ని తిట్టింది. వాల్యూమ్ తగ్గించమని వాడు బతిమాలాడు. బతిమాలే బ్రేక్ వేసి చూపించింది.

ఆగస్టు 19

కొత్త స్టూడెంట్లు అడుగుతున్నారట. ముందు ఒక పాత బాకీ ఉందని చెప్పమందట మరిదితో.

నాకు తెలుసు అది ఎవరో.

సెప్టెంబర్ 14, ఆదివారం, ఉదయం 7:00

మైదానం. స్టీరింగ్ దగ్గర నేను. డ్రమ్ము దగ్గరికొచ్చింది.

ఏడో బ్రేకు.

ఆగాను. చెల్లి నా వైపు చూసి పేరులేని బటన్ నొక్కింది. కార్లో ఇద్దరమే ఉన్నాం. నా గొంతు మాట్లాడింది. నేను నోరు తెరవలేదు.

ఇంజిన్ ఆపి, నా గొంతు తీసుకొమ్మన్న ఆ ప్రార్థన రద్దు చేసి కొత్తది చేశాను. పైకే, దానికి వినబడేలా.